ఆవని కొండ మీద అత్త ఇల్లు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టే హక్కు నాకింకా రాలేదని మా అత్త అభిప్రాయం. ఆ మాట అనాలంటే తల కొంచెమైనా నెరవాలట, పళ్ళు కొన్నైనా రాలాలట. నాకు రెండూ కాలేదు కాబట్టి ‘మొన్నామధ్య’ అనుకోమంది. కానీ మాలూరు ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో (అనేశాను) నేనెంత తెలివైనవాణ్ణని అనుకునేవాణ్ణో తలుచుకుంటే, అదంతా ఏ ద్వాపరయుగంలోనో జరిగినట్టుంటుంది. ఎవరు ఏం గొప్పగా చెప్పినా ఒక్క మాటతో దాని గాలి తీసేయడం నా వృత్తి, ఉద్యోగం పక్కన చేసేది. పెళ్ళికూతురు ఏడుస్తుంటే భోజనాలకు ఆలస్యమవుతుందని చెప్పేవాణ్ణి. జాతరలో పూనకం వచ్చినాయన్ని టైమెంతయిందని అడిగాను. (చెప్పాడు కూడా. గడియారం చూసి మరీ చెప్పాడు.)

మా ఫ్యాక్టరీలో ఒక సేఫ్టీ ఆఫీసరు ఉండేవాడు. గుంటూరు వైపు మనిషి. ఆయనకు మేం పెట్టిన పేరు హెల్మెట్ సార్. క్యాంటీన్‌లో సాంబారు గిన్నె మూత తీసేటప్పుడు చేతులు అడ్డం పెట్టి అందరినీ వెనక్కి జరిపేవాడు. ఆయనకొక పద్ధతి ఉండేది. ఎక్కడ ప్రమాదం కనబడినా ముందు ఒక ఫొటో తీస్తాడు, దాన్ని సరిచేస్తాడు, తర్వాత ఇంకో ఫొటో తీస్తాడు. మొదటిది ‘బిఫోర్’, రెండోది ‘ఆఫ్టర్’. మెట్ల మీద పడున్న అరటితొక్కకు కూడా ఈ రెండు ఫొటోల మర్యాద జరిగేది. అరటితొక్క లేని మెట్టు ఫొటో చూస్తూ ఆయన పొందే తృప్తిని నేను గుళ్ళలో కూడా చూడలేదు.

వానలు ఆగిన రోజుల్లో ఒకసారి ఆయన నన్ను పిలిచి, మన సెక్షన్‌లో ఎప్పుడూ కొండ ఎక్కనివాళ్ళను ఒక ఆదివారం ఎక్కడికైనా తీసుకెళ్దామన్నాడు. దారి సులువుగా ఉండాలి, చూడ్డానికి అందంగా ఉండాలి, ఎవరికీ ఏమీ కాకూడదు. (సంబంధాలు వెతికేవాళ్ళూ ఇంతే అడుగుతారు, దొరకదు.) అంతరగంగ పేరు చెప్పాను. కోతులుంటాయని కొట్టేశాడు. అప్పుడు ఆవని అన్నాను. మా ముళబాగిలు పక్కనే గదా, నాకు ఆ కొండ అరచేతిలో గీతలా తెలుసునని కూడా అన్నాను. నిజానికి నేనా కొండ ఎక్కింది ఒక్కసారి, అదీ మా నాన్న భుజాల మీద. దారి గురించి నాకు తెలిసిందల్లా నాన్న నడినెత్తి. కానీ ఆ సంగతి ఎవరూ అడగలేదు.

ఈ కబురు మా అత్తకు చేరింది, తనూ వస్తానంది. అత్త అంటే నాన్నకు అక్క, ముళబాగిలు బజారులో మామ రాగులు, కందులు అమ్మే అంగడి, దాని వెనకే బాడుగ ఇల్లు. ఊరి చివర వాళ్ళకు ఒక సైటు ఉండేది. అందులో పునాది వరకూ లేచి, ఆ తర్వాత మామ మనసు లేవక ఆగిపోయిన ఇల్లొకటి. పునాదిలో మునక్కాయ చెట్టు కూడా మొలిచింది. ‘మనిద్దరికి ఏమిటికి ఇంత ఇల్లు’ అనేది మామ వాదన. అత్త ఊరుకునే మనిషి కాదు. ఆవని కొండ మీద ఒక ఆచారం ఉంది: సొంతిల్లు కావాలనుకున్నవాళ్ళు పైన బండ మీద రాయి మీద రాయి పేర్చి చిన్న ఇల్లు కట్టి వస్తారు. శివరాత్రి జాతరకు వెళ్ళినప్పుడు అత్త కూడా పేర్చింది. ఇంటికొచ్చి చెబితే మామ నవ్వి, నీ రాళ్ళు ఒక వానాకాలం తట్టుకొని నిలబడితే నేనూ గోడ లేపుతానన్నాడు. మాట వరసకు అన్నాడు. అత్త దాన్ని రిజిస్టరు చేసిన పత్రంలా పట్టుకుంది. ఆ ఏడాది వానలు చెరువు కట్టలు తెంచినంత పనిచేశాయి. ప్రతి వానకూ మామ గుమ్మంలో నిలబడి హాయిగా చూసేవాడు, అత్త పడమటి ఆకాశాన్ని తిట్టేది.

(ఆ జాతర రోజుల్లోనే మామ గల్లాపెట్టె మీద చీటీలు ఎగిరిపోకుండా పెట్టుకునే నున్నటి నల్లరాయి ఒకటి మాయమైంది. వాళ్ళ నాన్నగారి కాలం నాటిదట. ఆ రాయి నేనే ఎత్తుకుపోయానని మామ గట్టి నమ్మకం. రాయి దొంగతనం చేసేంత తీరిక ఉన్నవాణ్ణని బంధువుల్లో నాకే పేరుండేది.)

ఆదివారం తెల్లవారి ఫ్యాక్టరీ వ్యాను ముళబాగిలు బస్టాండులో ఆగేసరికి అత్త సంచీతో సిద్ధంగా ఉంది. సంచీలో కొబ్బరికాయ, చిత్రాన్నం, మజ్జిగ. కాళ్ళకు హవాయి చెప్పులు. హెల్మెట్ సార్ ఆ చెప్పుల్ని చూసిన చూపు నాకింకా గుర్తే. ఆయన తలకు నిజంగానే హెల్మెట్ ఉంది. కొండ కింద మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి, ఎక్కేటప్పుడు చేయవలసినవీ చేయకూడనివీ చెప్పసాగాడు. పడితే ఏం చేయాలి, పాము కనిపిస్తే ఏం చేయాలి, పాము కనిపించి పడితే ఏం చేయాలి. మా సెక్షన్ వాళ్ళు నలుగురూ కొండ వైపు చూడ్డం మానేసి వ్యాను వైపు చూడ్డం మొదలుపెట్టారు. అప్పుడు అత్త చెప్పులు విడిచి వ్యాను కింద పెట్టింది.

“సీతమ్మ నిండు చూలాలుగా ఎక్కిన బెట్ట ఇది సారూ,” అంది. “ఆయమ్మ ఆడనే కవల పిల్లోల్లని కనింది. మీకేమి కాదు, రాండి.”

కొత్తగా కొండలెక్కేవాళ్ళకు ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఏ కొండకుంది? ఎక్కుతుంటే అది నిజమేననిపించింది. నేను గైడునని మరచిపోయి నోరు తెరుచుకుని చూశాను. మొదట మెట్లు, మోకాళ్ళకు కోపం రాకముందే అయిపోతాయి. తర్వాత ఏనుగు వీపులాంటి బండ, ఏటవాలుగా పైకి పోతుంది, పాదం దానికదే పట్టుకుంటుంది. ఆ పైన రెండు గుండ్ల మధ్య ఒక సందు. లావుగా ఉన్నవాళ్ళు పక్కకు తిరిగి దూరాలి, దూరాక మొహానికి చల్లగాలి కొడుతుంది, దాని కోసం ఇంకోసారి వెనక్కి వెళ్ళి దూరబుద్ధవుతుంది. బండలో దొన, అందులో వాన నీళ్ళు, ఆ నీళ్ళలో ఆకాశం. వెనక్కి తిరిగి చూస్తే రాగి చేలు, మామిడి తోటలు, ఒకదాని వెనక ఒకటి చెరువులు. ఆయాసంతో ఆగామని చెప్పుకోకుండా అందం చూడ్డానికి ఆగామని చెప్పుకునే వీలు అడుగడుగునా ఉంది. ఈ సదుపాయం లేని కొండ కొత్తవాళ్ళకు పనికిరాదు.

అత్త మా అందరికన్నా ముందు నడిచింది. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో గడప దాటడానికి గోడ పట్టుకునే మనిషి, బండ మీద వట్టి కాళ్ళతో ఏదో సొంత పెరట్లో తిరుగుతున్నట్టు తిరిగింది. నేను వెనక నుంచి, అత్తా నీ మోకాళ్ళు ఇంటి దగ్గరే వదిలేసి వచ్చినావా అన్నాను. వాటిని నీ మామకు కావలి పెట్టినానని జవాబొచ్చింది.

పైన సీతమ్మ గుడి దగ్గర అత్త కొబ్బరికాయ కొట్టడానికి ఆగింది. నేను సంచీ మోసేవాణ్ణి గనుక ఆగాను. ఆయాసం తీరక మిగతా నలుగురూ ఆగారు. హెల్మెట్ సార్ మాత్రం, ముందు దారి ఎలా ఉందో చూసి వస్తానని గుడి వెనక బండ వైపు వెళ్ళాడు. ప్రసాదం తిని, చేతులు కడుక్కుని, అత్త ముందూ మేం వెనకా ఆ బండ మీదికి వెళ్ళేసరికి ఆయన చేతులు దులుపుకుంటున్నాడు. మొహంలో అరటితొక్క తీసేసిన మెట్టు తాలూకు తృప్తి.

బండ మీద ఒక్క ఇల్లూ లేదు. రాళ్ళన్నీ పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస, చక్కగా నేల మీద పడుకుని ఉన్నాయి.

ఏటవాలులో ఆసరా లేకుండా రాళ్ళు పేర్చి పెట్టారనీ, చిన్నపిల్లలెవరైనా వస్తే మీద పడతాయనీ, అన్నీ దించేశాననీ ఆయన చెప్పాడు. ఎవరు పేర్చారో గానీ బొత్తిగా బాధ్యత లేని మనుషులన్నాడు. అత్త నెమ్మదిగా వెళ్ళి చిన్న రాళ్ళ వరసలోంచి ఒకదాన్ని తీసి కొంగుతో తుడిచింది. నున్నటి నల్లరాయి. (దొంగ దొరికింది. కానీ అది సంతోషించే సమయం కాదు.)

“నిలిచిందో, వానకే పడిందో, ఇంగ యాడ తెలస్తుంది,” అంది రాయితోనే.

హెల్మెట్ సార్‌కు నేను పక్కకు తీసుకెళ్ళి సంగతంతా చెప్పాను: ఆచారం, పునాది, మామ మాట, వానాకాలం. వింటూ వింటూ ఆయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ తల మేమెవరం అంతవరకూ చూడలేదు, పాపం సగం బట్టతల. వచ్చి అత్త ముందు నిలబడి, “అమ్మా, నాకు తెలీదండి. మీ ఇల్లు నా చేతుల్తో మళ్ళీ కట్టి ఇస్తానండి,” అన్నాడు.

అత్త ఆయన్ని తిడుతుందనుకున్నాను. మా ఇంట్లో అందరం అత్త తిట్లు తిని పెరిగినవాళ్ళమే. అత్త బండంతా ఒకసారి కలయజూసింది.

“నాది ఉండనీలేప్పా. నేను పక్కూరే, ఇంగోసారి ఎక్కతా,” అంది. “ముందు మిగతావోళ్ళవి కట్టు. యాడాడి నుంచి వచ్చి పేర్చి పోయినారో. వాళ్ళు మళ్ళీ ఎప్పుడొచ్చేది?”

ఒక మనిషిని చూసి నా నోటికి తాళం పడ్డం అదే మొదలు. తన గోడ లేచేదీ లేనిదీ ఆ రాళ్ళ మీద ఆధారపడి ఉండగా, ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఇళ్ళ గురించి బెంగపడుతున్న ఆ మనిషిని నేను పొద్దున్నుంచీ మోకాళ్ళ మీద జోకులేసి ఆటపట్టిస్తున్నాను.

సరే, కడదామంటే ఎవరి ఇల్లు ఎలా ఉండేదో ఎవరికి తెలుసు? మా వాళ్ళలో ఒకడు ఆ మాటే అడిగాడు. హెల్మెట్ సార్ జేబులోంచి ఫోన్ తీశాడు. “బిఫోర్ ఉందిగా,” అన్నాడు, అదేదో లోకంలో అందరికీ ఉంటుందన్నట్టు.

ఉంది. ఒక్కొక్క రాళ్ళ గుట్టకూ ఒక్కొక్క ఫొటో. ఎదుట నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఎత్తు తెలియడానికి పక్కన తన బూటు పెట్టి ఇంకొకటి. ఇక మేం పనిలో పడ్డాం. ఆయన ఫోన్ చూస్తూ చెప్పడం, మేం మోయడం. అత్త కొంగు బిగించి మేస్త్రీలా మా మధ్య తిరుగుతూ, అడుగు రాయి వెడల్పుగా పెట్టురా, పిల్లోల్లు గలవోళ్ళ ఇల్లులా ఉండాదిది, గట్టిగా కట్టు అని పురమాయించడం. కొండ ఎక్కడానికే భయపడ్డ నలుగురూ అరగంటలో కొండ మీద ఒక లేఔటు వేసేశారు.

గుండు పక్కన ఓరగా ఉన్న ఒకదాని ఫొటో వచ్చినప్పుడు అత్త ఫోన్ మీదికి వంగింది. మూడు రాళ్ళ ఇల్లు. అడుగున నాచు పట్టి, వాన మరకలతో. పైన, రవ్వంత కూడా కదలకుండా, నున్నటి నల్లరాయి.

“నిలిచింది,” అంది అత్త. కొంగు మొహానికి అడ్డం వచ్చింది, గాలికి అని నేను అనుకున్నట్టు నటించాను. హెల్మెట్ సార్ ఆ మూడు రాళ్ళనూ ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే పేర్చాడు. పేర్చి ‘ఆఫ్టర్’ తీశాడు.

సాయంత్రం అంగట్లో మామ కళ్ళద్దాలు పెట్టుకుని ఫొటో చూశాడు. పెద్దది చేసి చూశాడు. ఇది నీదేనని యాడ రాసుండాది అన్నాడు. అత్త పైరాయి మీద వేలు పెట్టింది. మామ మొహంలో ముందు కోపం వచ్చింది, తర్వాత గుర్తుపట్టడం వచ్చింది, ఆ తర్వాత నేనెప్పుడూ చూడనిదేదో వచ్చింది. ఆయన నా వైపు తిరిగి, నిన్ను అన్యాయంగా అన్నాన్రా అంటాడని ఎదురుచూశాను. ఇప్పటికీ అనలేదు.

“మా నాయన రాయి ఆ వానలో ఒకటే నిలబడుకోనుండాదా,” అన్నాడు చివరికి. “ఇంగేం చేసేది. మేస్త్రీని పిల్చు.”

ఇల్లు లేచింది. మునక్కాయ చెట్టును పెరట్లో నాటారు. గృహప్రవేశానికి హెల్మెట్ సార్ వచ్చి, హోమం జరుగుతుంటే బకెట్టుతో నీళ్ళు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. మేడ మెట్ల కమ్మీ ఊగుతోందని దాన్ని ఫొటో కూడా తీశాడు. మామ ఆయనకు రెండు వడలు ఎక్కువ వేయించాడు.

నేనింకా మాలూరులో బాడుగ గదిలోనే ఉంటున్నాను. కొండలెక్కడం కొత్తగా నేర్చుకునేవాళ్ళను అప్పుడప్పుడు ఆవనికి తీసుకెళుతుంటాను, ఇప్పుడు దారి నిజంగానే తెలుసు. పైన కనబడేది ఏదీ ముట్టుకోవద్దని కిందే చెబుతాను. పోయిన నెల అందరూ సీతమ్మ గుళ్ళో ఉండగా ఒక్కణ్ణే ఆ బండ మీదికి వెళ్ళాను. అత్త మూడు రాళ్ళూ అలాగే ఉన్నాయి. వాటికి కొంచెం దూరంలో ఒక వెడల్పు రాయి చూసి పెట్టి, దాని మీద ఇంకొకటి పెట్టి, ఎవరైనా వస్తున్నారా అని అటూ ఇటూ చూశాను. పూనకం వచ్చినాయన్ని టైమడిగిన ఆ కుర్రాడు గనక చూస్తే, లిఫ్టు పెట్టించలేదా సార్ అని అడిగి ఉండేవాడు. అదృష్టం కొద్దీ ఆ రోజు వాడు రాలేదు. మూడో రాయి కూడా పెట్టి, పక్కన నా బూటు ఉంచి ఒక ఫొటో తీసుకున్నాను. ఫోన్‌లో దాని పేరు ‘బిఫోర్’.