బెంగళూరులో ముయ్యి

స్కాలర్‌షిప్ వచ్చిందని చెప్పగానే మా నాయన ఎంత ఇస్తారని అడగలేదు. ఎందుకిస్తారని అడిగాడు.

ఎనభైల మధ్యనాటి సంగతి ఇది. అనంతపురంలో ఒక కాలేజీలో కంప్యూటర్ గదికి నేను ఇన్‌ఛార్జిని. పెద్ద ఉద్యోగమేమీ కాదు. కాలేజీ మొత్తానికి ఒకటే కంప్యూటర్, దానికొక చల్లటి గది, ఆ గది తాళంచెవి నా దగ్గర. కరెంటు పోతే అందరూ గాలి కోసం వేపచెట్టు కిందికి పోయేవాళ్లు. నేను కరెంటు వచ్చేదాకా తెల్లకాగితం మీద ప్రోగ్రాము రాసుకుంటూ కూర్చునేదాన్ని. రాసినదాన్ని చూసి మంచిచెడ్డలు చెప్పేవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు.

బెంగళూరులో ప్రోగ్రాములు రాసేవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారని పత్రికలో చదివాను. ఏడాదికోసారి మూడు రోజులు ఒకచోట కలుస్తారు. తాము రాసినది ఫ్లాపీలో తెచ్చి ఒక పొడుగాటి బల్ల మీద పెడతారు. కావలసినవాళ్లు కాపీ చేసుకుంటారు, తప్పులుంటే చెబుతారు, చేతనైతే దిద్దుతారు. అమ్మడం లేదు, కొనడం లేదు. చిన్న ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఒక వ్యాపారి బస్సు చార్జీ, బస, భోజనం ఇస్తాడని కూడా అందులో ఉంది. దరఖాస్తు పెట్టాను. వచ్చింది.

శింగనమల దగ్గర మా ఊరికి పోయి చెప్పినప్పుడు నాయన పీకిన చెనక్కాయ చెట్లు ముందేసుకుని కాయలు తెంపుతున్నాడు.

"ఎందుకిస్తాండారమ్మే?"

"సాయం నాయనా. ఈడ్నించి పోయి రావాలంటే కష్టం కదా."

"సాయమా? కరువులో ఊరంతటికీ గంజి పోస్తాంటే మీ అవ్వ గిన్నె ఎత్తుకోని పోలేదు. నువ్వు బెంగళూరు దాకా పోతావా?"

ఆ బల్ల సంగతి చెప్పాను. ఒకరిది ఒకరు తీసుకుంటారని, ఒకరి తప్పు ఒకరు దిద్దుతారని చెప్పాను. నాయన చేతులు ఆగాయి.

"అంటే ముయ్యి."

"అదే నాయనా."

"అట్ల చెప్పు మల్ల! సాయం గీయం అంటావేంది."

ఈ మాట తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఈ రోజు నా చేనిలో కాయ పీకడానికి నువ్వు వస్తే, రేపు నీ చేనికి నేను వస్తాను. కూలి మాట ఉండదు. దాన్నే మా వైపు ముయ్యి అంటారు. వర్షం ఎప్పుడు పడుతుందో, పడుతుందో లేదో తెలియని మా నేలలో, పదునున్న రెండు రోజుల్లో విత్తనం పడాలంటే ఇంకో దారి లేదు. మా ఊళ్లో నడుము పడిపోయిన ముసలామె ఒకామె ఉండేది. ఎవరి చేనిలో పని పడినా వచ్చి గట్టున కూర్చుని నాలుగు పిడికిళ్ల కాయలు తెంపేది. అది ఆమె ముయ్యి. 'నువ్వు రావద్దులే అవ్వా' అని ఒక్కరూ అనలేదు. అంటే ఆమెను ఊరి లెక్కలోంచి తీసేసినట్టే.

"మరి నువ్వేం ఎత్తకపోతాండావు?" అన్నాడు నాయన.

"పరీక్షల్లో ఎవరిని యాడ కూచోబెట్టాల్నో చెప్పే ప్రోగ్రాము రాసినా. ఒకే క్లాసు పిల్లోళ్లు పక్కపక్కన పడరు."

"చూసి రాసుకోకుండానా?" నాయన పకపకా నవ్వాడు. "మీ అన్న చదివేటప్పుడు ఇది లేకపోయె. ఉంటే వాడు యాడ పాసయ్యేది!"

ఫ్లాపీ వంగకుండా రెండు అట్టల మధ్య పెట్టి, ధర్మవరం పట్టుచీర వచ్చిన పెట్టెలో దాచి బెంగళూరు బస్సెక్కాను.

సభ ఒక కాలేజీ హాల్లో. సంఘం కార్యదర్శి గుమ్మం దగ్గరే ఉన్నాడు. మర్యాదస్థుడు, తెలుగు బాగానే మాట్లాడాడు.

"స్కాలర్‌షిప్ మీద వచ్చినవారా? ఆ పక్క వరుసలో కూర్చోండమ్మా. సాయంత్రం స్టేజీ మీదికి పిలుస్తాం. దాతగారు మీ చార్జీల కవరు ఇస్తారు, ఫోటో తీస్తారు."

"మంచిది సార్. ఫ్లాపీ ఎక్కడ పెట్టాలి?"

"ఏం ఫ్లాపీ?"

"నేను రాసిన ప్రోగ్రాము."

"అయ్యో, మీరేమీ తేవాల్సిన పనే లేదమ్మా. విని నేర్చుకుని పోండి, చాలు. ఆ బల్ల సభ్యుల కోసం."

కసిరి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు. ఎంతో దయగా అన్నాడు. గట్టున కూర్చున్న ముసలామెతో కూడా మా ఊళ్లో ఎవరూ అనని మాట నాతో అన్నాడు. తినిపో, నీ చేతిపని మాకక్కర్లేదు.

నేరుగా బల్ల దగ్గరికి నడిచాను. ఆయన వెనకే వచ్చాడు.

"బల్ల నిండిపోయిందమ్మా, చూడండి."

బల్ల చివర తాగి పెట్టిన టీ గ్లాసులున్నాయి. కోపం వస్తే నాకు కాలేజీ భాష పోయి ఊరి భాష వస్తుంది.

"ఈ గ్లాసులు ఏ ప్రోగ్రామప్పా? ఇవి రాసిన సభ్యుడెవరు?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది. "రూల్సు ఉంటాయమ్మా."

"మూడు దినాలు మీ కూడు తిని, చేతులూపుకుంటా పోవాల్నా? మా ఊళ్లో అట్ల చేసినోళ్ల ఇంటికి మల్ల ఎవరూ పనికి పోరు."

గ్లాసులు పక్కకు జరిపి ఫ్లాపీ పెట్టాను. అది ఏం చేస్తుందో అట్ట మీద రాసి, నా పేరు, ఊరు కూడా రాశాను.

సాయంత్రం స్టేజీ మీద ఒక్కొక్కరినీ పిలిచారు. నాలాగే స్కాలర్‌షిప్ మీద వచ్చిన మిగతా ఐదుగురూ పోయి, చేతులు జోడించి, కవరు తీసుకుని దిగారు. వాళ్లను నేను తప్పుపట్టను. నా వంతు వచ్చింది. "కరువు ప్రాంతం నుంచి వచ్చిన సోదరి" అని మైకులో అన్నారు. నేను కూర్చున్నచోటే లేచి నిలబడ్డాను.

"కరువు మా చేన్లో ఉండాది సార్, నా తలకాయలో లేదు. నా ప్రోగ్రాము బల్ల మీద ఉండాది. దాన్ని చూసి, అప్పుడు పిలవండి."

కూర్చున్నాను. హాలంతా నా వైపు తిరిగి చూసింది. తరువాత కార్యదర్శి వచ్చి, "కవరు తీసుకోకపోతే తిరుగు చార్జీ మేమేం చెయ్యలేం" అన్నాడు. "నడిచైనా పోతా" అన్నాను. అది ఉత్తమాటే. మనసులో దడగానే ఉంది. చార్జీ గురించి కాదు. ఇంత మాట అన్నాక ఆ ఫ్లాపీని ఎవరూ ముట్టుకోకపోతే నాకు మిగిలేది నోరొక్కటే.

రెండో రోజంతా ఎవరూ ముట్టుకోలేదు. మంచినీళ్లకని, టీకని, ఏదో ఒక వంకతో అటుపోయి చూసి వస్తూనే ఉన్నాను. రోజూ ఎండావానా రాసుకునే నా డైరీలో ఆ రోజు అది కూడా లేదు. 'ఎవరూ తీయలేదు' అని మాత్రం ఉంది.

మూడో రోజు పొద్దున చూస్తే ఫ్లాపీ లేదు. తీసి పారేశారనే అనుకున్నాను. కార్యదర్శిని నిలదీయాలని లేచేసరికి, దాన్నే చేత్తో ఊపుకుంటూ ఒక పెద్దమనిషి హాల్లోకి వచ్చాడు.

"ఈ పరీక్షల ప్రోగ్రాము రాసిన మహానుభావుడెవరయ్యా?"

"నేనే సార్."

"మీరా? మీ కాలేజీలో బెంచీకి ఎంతమంది?"

"ఇద్దరు."

"అదీ సంగతి! రాత్రి తీసుకుపోయి మా కాలేజీ కంప్యూటర్లో వేసి చూశాను. మా దగ్గర బెంచీకి ముగ్గురమ్మా. మీ ప్రోగ్రాము నా ఫిజిక్సు పిల్లలను చెరో చివర కూర్చోబెట్టి, మధ్యలో కెమిస్ట్రీవాణ్ణి పెట్టింది. వాడి వీపు వెనక నుంచి చీటీలు పోవా? లోకమంతా మీ కాలేజీ బెంచీలే ఉంటాయనుకున్నారా? ముందు అదొకటి అడగాలని తోచలేదా?"

పదిమందిలో అంత గట్టిగా నన్నెవరూ తిట్టలేదు. ఒక తిట్టు నాకంత ఇష్టంగా వినిపించడం కూడా అదే మొదలు. దానం పుచ్చుకునేవాళ్లను ఎవరూ ఇలా తిట్టరు. పోనీలే పాపం అంటారు.

"రాండి సార్, దిద్దుదాం" అన్నాను.

సభకు తెచ్చిన కంప్యూటర్లలో ఒకటి ఖాళీగా ఉంటే దాని ముందు కూర్చున్నాం. బెంచీకి ఎందరని ముందే అడిగేటట్టు మార్చాం, ముగ్గురైతే మూడు క్లాసులు కలిసేటట్టు రాశాం. అయిపోగానే ఆయన జేబులోంచి తన ఫ్లాపీ తీసి నా ముందు పెట్టాడు.

"ఇది నాది. ఇప్పుడు మీరు తిట్టండి."

దాన్ని చూస్తుండగా కార్యదర్శి వచ్చి, "అమ్మా, స్కాలర్‌షిప్ వాళ్లందరికీ గ్రూపు ఫోటో..." అన్నాడు.

"ఉండవయ్యా, పనిలో ఉన్నాం" అన్నాడు పెద్దమనిషి, తల తిప్పకుండానే.

కార్యదర్శి కవరు కీబోర్డు పక్కన పెట్టి పోయాడు. అప్పుడు తీసుకున్నాను. నిన్నటి దాకా అది దానం. ఆ పొద్దున పని జరిగింది కాబట్టి తీసుకున్నాను.

మరుసటి ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టాను. 'మీకు ఈ సాయం ఎందుకు అవసరం?' అని ఒక ప్రశ్న ఉంది. 'అవసరం ఇద్దరిదీ. మీ బల్లకు మా పని కావాలి, మా పనికి మీ బల్ల కావాలి. మధ్యలో దూరం ఉంది. ఆ దూరానికి మాత్రం చార్జీ ఇవ్వండి' అని రాశాను.

ఎంపిక చెయ్యలేదు. జవాబు సరిగా లేదట. నాకిప్పటికీ అందులో మార్చవలసిన అక్షరం కనపడదు. మా కాలేజీలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న ఆడపిల్లలిద్దరు ఉంటే, వాళ్లను కూడా తీసుకుని సొంత ఖర్చుతో బస్సెక్కాను. ముగ్గురం, మూడు ఫ్లాపీలు.