చెయ్యి ఊపు వదినె

మా మర్ది పోయాడని తెల్లారి ఫోన్ వస్తే నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక కరెంటు పోతే మా ఇంటికి ఎవరొస్తారు? ఆ సమయంలో ఇదేం ఆలోచన అని తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి. ముందు సంగతి వినండి.

ఆయన అన్న, అంటే మా ఆయన, పక్షవాతంతో వెనక గదిలో మంచాన ఉన్నారు. మంచం ఎదురుగా కెమెరా పెట్టి, వాకిట్లో కూర్చున్నా నాకు ఫోన్‌లో కనబడేటట్టు చేసింది మర్దే. ఇంటర్నెట్ అంతా మెట్ల కింద మర్ది బిగించిన పాత కంప్యూటర్ గుండానే పోతుంది. నిజామాబాద్‌లో కాలేజీ పిల్లలకు కంప్యూటర్లు చెప్పి రిటైరైన మనిషి, ఊరికే ఉండలేడు.

ఒకరోజు బియ్యంలో రాళ్లు ఏరుతుంటే లోపల ధబ్బుమంది. ఫోన్ చేత్తో పట్టుకునే ఉరికాను. మా ఆయన నేల మీద ఉన్నారు. ఫోన్‌లో మాత్రం మంచం మీద హాయిగా నిద్రపోతున్నారు. ఆయన తల నా ఒళ్లోకి తీసుకున్నాక, ఫోన్‌లో మెల్లగా దొర్లి పడ్డారు.

మేడ మీద కిరాయికున్న పెళ్లి వీడియోలాయన అప్పుడే మా ఇంటర్నెట్ మీదే ఏదో పెద్ద వీడియో పంపుతున్నాడని మర్ది వచ్చి పట్టుకున్నాడు.

"తప్పు ఆయనది గాదు వదినె. బయటికి పోయేదంతా కంప్యూటర్‌ల లైన్ కట్టాలె. ఆ లైన్ల వెయ్యి జాగలుండాలని తయారు చేసినోళ్లే పెట్టి ఇచ్చిన్రు. మన సన్న కనెక్షన్‌కు గంత లైనా? మన కోటగిరి చెరుకు బండి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముంగట ఎండినట్టు, అన్న బొమ్మ ఆ వీడియో ఎనక నిలబడ్డది."

"అయితే లైన్ కోసెయ్యి."

"కోస్తే కొన్ని ముక్కలు రాలుతయి. ఆయన మళ్ల పంపుకోవాలె."

"పంపుకోనీ. పెళ్లి ఎట్లాగూ అయిపాయె."

ఆ వెయ్యి అంకెను తగ్గించి నన్ను గదిలోకి పంపాడు. "చెయ్యి ఊపు వదినె." ఊపాను. ఫోన్‌లో చెయ్యి వెంటనే లేచింది. "కరెంటు పోయొస్తే మళ్ల పాత అంకెకే పోతది. నేనొచ్చి సూస్త" అన్నాడు.

అప్పటి నుంచి కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోపెడ్ చప్పుడు వినబడేది. టకటక ఏదో కొట్టి, నాతో చెయ్యి ఊపించి, మంచం పక్క కుర్చీలో కూర్చునేవాడు. మాట పోయిన అన్నకు చెరుకు బండ్ల ముచ్చట్లు చెప్పేవాడు. "పని అయింది కదా, ఇంటికి పోవా?" అంటే, "చాయ్ రాకముందే ఎళ్లగొడుతున్నవా?" అనేవాడు.

మర్ది పోయాక మొదటిసారి, మొన్న గాలివానకు కరెంటు పోయింది. వచ్చాక నేను మా ఆయన మంచం పక్క నుంచి కదల్లేదు. పొయ్యి మీద అన్నం పెట్టడానికి కూడా లేవలేదు. అట్లా ఎంతసేపని? మేడ మీదికి కేకేశాను.

"ఏమయ్యా, వీడియో పంపుతున్నవా?"

"ఇప్పుడే పెట్టిన అవ్వా, పోతనే ఉంది."

కెమెరా ముందు చెయ్యి ఊపాను. ఫోన్‌లో చెయ్యి దానితోపాటే లేచింది.

మర్ది తగ్గించిన అంకె కదలలేదు. కరెంటు పోయినా చెరగకుండా దాన్ని ఎప్పుడో కట్టేసి, ఆ సంగతి నాకు చెప్పకుండానే వస్తూపోతూ ఉన్నాడన్నమాట. సొంత అన్న దగ్గర కూర్చోవడానికి సాకెందుకయ్యా అని అడుగుదామంటే మనిషి లేడు.

భయం మాత్రం నన్ను వదల్లేదు. కరెంటు వచ్చినప్పుడల్లా చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఫోన్‌లో అన్నీ ఆలస్యం లేకుండా కనబడతాయి: నా చెయ్యి, మంచం, పక్కన ఖాళీ కుర్చీ, దాని వైపే తిరిగి ఉన్న మా ఆయన తల.