కార్తీకంలో పెరిగిన ఆక్సిజన్

2024 నవంబరు. సింగపూర్ పడమటి వైపు, బూన్ లే దాటి కొంత దూరం పోతే ఒక చిన్న నది ఉంది. పేరు రాయను. ఒకప్పుడు అది నల్లటి నీళ్లు మోసే కాంక్రీటు కాలువ. తర్వాత ఆ గోడలు పగలగొట్టి, గట్ల మీద రాళ్లు పేర్చి, రెల్లు నాటి, మళ్లీ నదిని చేశారు. నీళ్ల పరీక్షలు చేసే ఒక ప్రైవేటు ల్యాబులో నేను ఫీల్డ్ టెక్నీషియన్‌ని. వారానికి మూడు రోజులు ఆ నది దగ్గరికి వెళ్లి, మీటరు ముంచి, అంకెలు రాసుకు రావడం నా పని.

వాటిలో ముఖ్యమైనది డిసాల్వ్‌డ్ ఆక్సిజన్. మేం డీ.ఓ. అంటాం. నీళ్లలో కరిగి ఉన్న ప్రాణవాయువు అది. లీటరుకు ఐదు మిల్లీగ్రాములు ఉంటే చేపలకు హాయి. మూడుకు దిగితే ఆయాసం. ఇంకా దిగితే, ఆ నీళ్లలో చేపను పట్టి వదిలినా అది బతుకుతుందన్న నమ్మకం లేదు.

ఇది నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల బడి మానేస్తే నాన్నే ఇంట్లో చదివించారు. భీమవరం దగ్గర మాకు చేపల చెరువులు ఉండేవి. లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు అన్నీ ఆ గట్ల మీదే నేర్చుకున్నాను. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు దాన్ని తినేస్తుంది, అందుకే చెరువు ప్రాణం తెల్లవారుజామున చూడాలి అని ఆయన ఎన్నిసార్లు చెప్పారో. "మబ్బు పట్టిన మర్నాడు చెరువును అస్సలు నమ్మకమ్మా" అనేవారు. ఇంత తెలిసి కూడా నేను చేసిన తప్పు ఇది.

ఈ ఊళ్లో శరదృతువు కంటికి కనపడదు. ఆకు రాలదు, చలి రాదు. కార్తీకం వచ్చిందని క్యాలెండరు చూసి తెలుసుకోవాలి. ఆరేళ్లుగా నా రీడింగులన్నీ తెల్లవారేసరికే. ఇక్కడ ఏడింటికి తెల్లవారుతుంది, ఆలోపే నది దగ్గర ఉండాలి కాబట్టి కార్తీక స్నానం, తులసి దగ్గర దీపం అన్నీ హడావిడిగా ముగించి బస్సు కోసం పరుగెత్తేదాన్ని. ఆ ఏడు ఈ ఒక్క నెలైనా నిదానంగా చేసుకోవాలనిపించి, మా మేనేజరు ప్రసాద్ గారిని అడిగాను. ఆయనది నల్లగొండ.

"ప్రసాద్ గారూ, ఈ నెల రోజులు మధ్యాహ్నం మూడింటికి వెళ్లొచ్చాండీ? పొద్దున దీపం పెట్టుకుంటాను."

"దాందేముంది మేడమ్, పోన్రి. టైమ్ కాలమ్‌ల టైమ్ రాయున్రి, చాలు. మా అమ్మ కూడ రోజూ ఫోన్ చేసి తిడ్తది, దీపం పెట్టినవా లేదా అని."

రాశాను. ప్రతి షీటులోనూ టైము రాశాను. కానీ వారం వారం పంపే గ్రాఫులో తేదీలే వస్తాయి, టైములు రావు.

ఆ గ్రాఫు కోసం ఎదురుచూసే మనిషి ఒకాయన ఉన్నారు, లిమ్ అంకుల్. డెబ్బై దాటాయి. బస్సుల మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. వాళ్లది పన్నెండు మంది ఫ్లై ఫిషింగ్ బృందం. ఫ్లై ఫిషింగ్‌లో ఎర ఉండదు. ఈకలు, దారాలు గాలానికి చుట్టి పురుగులాగా చేస్తారు. ఆ పురుగుకు బరువు ఉండదు కాబట్టి, బరువైన లైనును గాలిలో ముందుకీ వెనక్కీ ఊపి నీటి మీద వాలుస్తారు. పట్టిన చేపను మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు. మాంసం ముట్టని నాకు అందులో సరదా ఏమిటో అర్థమయ్యేది కాదు. కానీ ఆయన నీళ్లను చూసే తీరు మాత్రం నాన్న చూపులాగే ఉండేది.

ఆ నదిలో ఫ్లై ఫిషింగ్‌కు అనుమతి కోసం ఆయన మూడేళ్లు అర్జీలు పెట్టారు. చివరికి పరీక్షగా ఒక్క శనివారం ఇచ్చారు, తెల్లవారిన దగ్గర్నుంచి తొమ్మిదింటి దాకా. చేపకు గాయం కాకుండా, వెనక్కి తిరిగిన ముల్లు నొక్కేసిన గాలాలే వాడాలి. ఒక్క చేప చచ్చి తేలినా మళ్లీ అడగక్కర్లేదు. ఆ అనుమతి మా గ్రాఫు చూసే ఇచ్చారు. నవంబరులో డీ.ఓ. బాగా పెరిగిందని అందులో ఉంది.

ముందురోజు శుక్రవారం సాయంత్రం, సంధ్యాదీపం పెట్టి, ఆ బృందానికి పంపాల్సిన నీటి పరిస్థితుల నోటు రాయడానికి కూర్చున్నాను. నీరు లేత ఆకుపచ్చ, అడుగున్నర లోతు దాకా స్పష్టం, ప్రవాహం మందం, గాలి లేదు. ఆ ఏడు వానలు ముఖం చాటేసి ఎండలు మండాయి. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టింది. గ్రాఫు తెరిచాను. నీలిగీత నాలుగు దగ్గర నడిచి నడిచి, ఒక్కసారిగా ఏడుకు ఎగిరింది. అంతకుముందు ఆ గీత చూసినప్పుడల్లా కార్తీక మహిమ అనుకుని దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆ సాయంత్రం ఎందుకో అది ఎగిరిన తేదీ చూశాను. కార్తీక శుద్ధ పాడ్యమి.

మారింది నది కాదు. నేను వెళ్లే వేళ.

ప్రసాద్ గారికి ఫోన్ చేసి చెప్పాను.

"అయ్యో. నేను కూడ చూస్కోలే మేడమ్. ఒక పని చేయున్రి. పొద్దుగాల పోయి ఒక రీడింగ్ తీయున్రి. మంచిగుంటే లొల్లే లేదు."

"బాగోకపోతేనండీ?"

"ఆపేయున్రి. నా పేరు చెప్పున్రి."

లిమ్ అంకుల్ నంబరు తీశాను. ఏమని చెప్పాలి? రీడింగు బాగుంటే ఆయన్ని అనవసరంగా బెంగపెట్టినదాన్ని అవుతాను. అలా అనుకుని ఫోన్ పెట్టేశాను. అది నా రెండో తప్పు.

శనివారం పొద్దున దీపం పెట్టలేదు. దేవుడికి నమస్కారం చేసుకుని మొదటి బస్సు ఎక్కాను. ఏడు కావస్తుండగా వెళ్లేసరికి పన్నెండు మందీ గట్టు మీద గాలం కడ్డీలు బిగించుకుంటున్నారు.

"సిస్టర్! మకాన్ అయిందా?" అని నవ్వుతూ పలకరించారు లిమ్ అంకుల్. తిన్నావా అని అడగడం ఆయనకు గుడ్ మార్నింగ్ లాంటిది, మాట చివర 'లా' తగిలించడం ఇక్కడి అలవాటు. "చూడు, చూడు! ఎన్ని పైకి వస్తున్నాయో! మూడేళ్లలో ఇన్ని చూడలేదు లా!"

చూశాను. పురుగు కోసం పైకి వచ్చే చేప చటుక్కున అందుకుని కిందికి పోతుంది, నీటి మీద ఒక వలయం మిగులుతుంది. ఇవి పోవడం లేదు. రాళ్ల మీంచి నీళ్లు దూకే చోట గుంపుగా చేరి, మూతులు పైకెత్తి, తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

మీటరు ముంచాను. రెండున్నర. పైకి తీసి, గాలిలో మళ్లీ సరిచేసి, ముంచాను. రెండున్నరే.

"అంకుల్, ఆపండి. ఇవి తిండికి రాలేదు. ఊపిరాడక వచ్చాయి."

"నీ రిపోర్టులో గుడ్ అని ఉంది కదా!"

"తప్పు నాది అంకుల్. నెలంతా మధ్యాహ్నం చూసి రాశాను. పొద్దున పూజ ఉందని వేళ మార్చుకున్నాను."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "మూడేళ్లు ఆగాను, తెలుసా? నువ్వేమో పూజ అంటావు. నీ దేవుడు చేపల్ని అడగలేదా మరి?"

ఈలోగా అటు చివరన కేక వినిపించింది. గళ్ల టోపీ పెట్టుకున్న ఒకాయన అప్పటికే లైను విసిరారు. చేప తగిలింది. మోచేయంత పండుగప్ప, ఇక్కడ సియాకప్ అంటారు. అది పోరాడనే లేదు. గాలం తీసి వదిలితే పక్కకు ఒరిగి, తెల్లటి పొట్ట చూపించింది.

లిమ్ అంకుల్ తన కడ్డీ గడ్డిలో పడేసి, బూట్లతోనే నీళ్లలోకి దిగారు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మూతిని నీళ్లు దూకే వైపు తిప్పి మోకాళ్ల మీద కూర్చున్నారు.

"ఆల్ కీప్! అందరూ సర్దేయండి! ఈ రోజు ఫిషింగ్ లేదు!" అని తల తిప్పకుండానే అరిచారు.

"అంకుల్, వాళ్లిచ్చింది ఈ ఒక్క రోజే కదా..." అని గొణిగారు టోపీ ఆయన.

"నీ నోరు మూసుకుని నా బ్యాగు సర్దు!"

నేను కూడా దిగి, ఆయన పక్కన చేతులతో నీళ్లు చిలకరిస్తూ ఉండిపోయాను. అది ఉపయోగమో కాదో తెలియదు, ఊరికే నిలబడలేకపోయాను. మనసులో నామం నడుస్తూనే ఉంది. దాని మొప్ప ఒకసారి కదిలింది. చాలాసేపు మళ్లీ కదలలేదు. ఇంకోసారి. అవతల గట్టు మీద ఎండ పడేదాకా ఆయన దాన్ని వదల్లేదు. చివరికి తోక ఆయన మణికట్టును మెల్లగా తట్టింది. చేతులు విప్పారు. అది వంకరగా, తాగినవాడిలా ఈదుకుంటూ రెల్లు కిందికి పోయింది.

"బతుకుతుందా?" అన్నారు.

"తెలియదు అంకుల్."

తొమ్మిదింటి దాకా పన్నెండు మందీ గట్టు మీదే కూర్చున్నారు, ఏదైనా తేలుతుందేమోనని నీళ్లనే చూస్తూ. ఏదీ తేలలేదు. ఎండెక్కాక చేపలు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి.

సోమవారం ప్రసాద్ గారూ నేనూ కూర్చుని, అనుమతి ఇచ్చిన ఆఫీసుకు ఉన్నదున్నట్టు రాశాం. ఏ రీడింగు ఏ వేళ తీసిందీ పక్కనే చేర్చాం. ఉద్యోగం పోతుందని సిద్ధపడే సంతకం పెట్టాను. పెట్టాక ప్రసాద్ గారు, "ఇద్దరిదీ పోతే లిటిల్ ఇండియాల పూలు అమ్ముదాం మేడమ్" అన్నారు. నవ్వు రాలేదు కానీ, ఆ మాటకు ఈ రోజుకీ ఆయనకు రుణపడి ఉన్నాను.

జవాబుకు మూడు వారాలు పట్టింది. పరీక్ష రద్దు కాలేదు. ఇంకో రోజు ఇస్తామన్నారు. ఆ రోజు పొద్దున్నే డీ.ఓ. చూడాలి, చాలినంత ఉంటేనే, అది కూడా పదింటి తర్వాతే లైను వేయాలి. జనవరిలో ఆ రోజు వచ్చింది. తెల్లవారాక రీడింగు నాలుగున్నర ఉంది. పదింటికి మొదలుపెట్టి, ఒంటిగంట దాకా మండే ఎండలో లిమ్ అంకుల్ లైను విసురుతూనే ఉన్నారు. ఒక్క చేపా తగల్లేదు. మెడ కందిపోయింది. "చేపలన్నీ పొద్దున్నే మకాన్ చేసేశాయి లా" అని నవ్వుతూ కడ్డీ విప్పేశారు. ఆ నవ్వు మళ్లీ చూడనిచ్చినందుకు భగవంతుడికి వెయ్యి నమస్కారాలు.

ఈ పనిలో చేరాలనుకునే పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఏం నేర్చుకోవాలని. మీటరు వాడటం ఒక పూటలో వస్తుంది. నీళ్లు కష్టంలో ఉండే వేళకు మనం వెళ్లాలి. మనకు తీరికైన వేళకు వెళ్తే అవి బాగున్నామనే చెప్తాయి. అబద్ధం చెప్పవు, అడిగినదానికే చెప్తాయి. పూజ పేరు పెట్టినా నేను చూసుకున్నది నా తీరికే. నాన్న వందసార్లు చెప్పినది, ఒక చేప చావుబతుకుల మధ్య కొట్టుకుంటే గానీ నాకు ఒంటబట్టలేదు.

లిమ్ అంకుల్ ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేస్తారు. నేను అంకె చెప్పబోతుంటే ఆపుతారు.

"ముందు టైమ్ చెప్పు సిస్టర్."