పెనుమూడి బ్రిడ్జి మీద దిగని కండక్టరు

సినిమాలో మా నాన్న పారిపోవాలి. ఆయన వేషం అంతే.

ముప్పై ఏళ్ళు రేపల్లె–తెనాలి బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పెనుమూడి బ్రిడ్జి మీద షూటింగ్‌కి కండక్టరు కావాలని సినిమావాళ్ళు అడగ్గానే పాత ఖాకీ చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నారు. ఉగ్రవాదులు బస్సులో బాంబు పెడతారు, పోలీసు హీరో దాన్ని ఆపుతాడు, అదీ కథ. బాంబు మాట వినగానే కండక్టరు అందరికంటే ముందు దూకి పరిగెత్తాలి, జనం నవ్వాలి. ఆ సంగతి మాత్రం దాచిపెట్టి, తెరమీద కనబడతానని బాపట్లలో ఉన్న మా అత్తదాకా ఫోన్లు చేసేశారు.

తోడుగా నేను వెళ్ళాను. పొగ వదిలారు. నాన్న ఫుట్‌బోర్డు మీద కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. "తోసుకోకండమ్మా. చంటిబిడ్డ తల్లిని ముందు దిగనివ్వండి."

"బాబాయ్, ముందు నువ్వు దూకాలి," అన్నాడు డైరెక్టరు.

"అలాగే బాబూ," అన్నారు. మళ్ళీ అదే పని. మూడోసారి జనమంతా దిగిపోయినా ఈయన కదల్లేదు.

"బస్సు ఖాళీ అయింది కదా, ఇంకా ఏంటి బాబాయ్?"

"హీరోగారు లోపలే ఉన్నారు కదండి."

"ఆయన బాంబు ఆపుతున్నాడు."

"ఆపుకోనివ్వండి, నేనేం అడ్డురాను. ఆయన దిగాక దిగుతా."

ఇలాగైతే వేషం ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు డైరెక్టరు. నాన్న ముఖం చిన్నబోయింది. అయినా, "ఇచ్చేయండి, పరిగెత్తడం నావల్ల కాదు," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. బాంబని బస్సులో పెట్టిన ఆ డబ్బాలో ఉన్నవి నాలుగు రంగు వైర్లు, రెండు బ్యాటరీలు. వాటి ముందు కూడా డ్యూటీ చేయాలా ఈయన? ఎండ నెత్తికెక్కింది, ఇంకో మనిషిని వెతికే ఓపిక ఎవరికీ లేదు. "నీ ఇష్టం, ఎడిటింగ్‌లో చూసుకుంటా," అన్నాడు డైరెక్టరు. అంటే కత్తిరించేస్తాడని మా ఇద్దరికీ అర్థమైంది.

సినిమా వచ్చాక అమ్మా, నాన్నా, నేనూ అత్తావాళ్ళతో కలిసి తెనాలిలో మ్యాట్నీకి వెళ్ళాం. ఇంటర్వెల్‌లో నాన్న సమోసా ముట్టలేదు. "ఉంటానంటావా?" అని మెల్లిగా నన్నడిగారు.

తెరమీద బ్రిడ్జి, పొగ, కేకలు. ఫుట్‌బోర్డు మీద మా నాన్న. కత్తిరించలేదు. హీరో వైరు తెంపి, చెమటలు కక్కుతూ దిగాడు. అతని వెనకే దిగిన నాన్న అలవాటు కొద్దీ బస్సును అరచేత్తో రెండు చరుపులు చరిచి, "రైట్," అన్నారు. హాలంతా ఈలలు. హీరోకైనా అన్ని పడలేదు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ రోజు విసుక్కున్నందుకు సిగ్గూ వేసింది.

అమ్మ పడీ పడీ నవ్వుతోంది. ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నిజం బాంబైనా ఈయన దిగరే. ముప్పై ఏళ్ళు రోజూ క్యారేజీ కట్టి పంపింది ఈ మనిషినా నేను?"

నాన్న తెరమీంచి చూపు తిప్పలేదు.

"లోపల మనిషుంటే ఎలా దిగుతానే?" అన్నారు.