పులి కాదు, పిల్లి రంగు

చీరల రంగుల్లో చిలక పేరుంది, నెమలి పేరుంది, పావురాయి పేరూ ఉంది. పిల్లి ఏ పాపం చేసిందో, దాని పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. నగరిలో నూలుకు రంగులద్దే కోమలికి ఇదే కడుపుమంట. ఉండదా మరి! ఆమె ఇంట్లో మిరియం ఉంది. తెలుపు, నలుపు, పాతబెల్లం రంగు, మూడూ ఒంటినిండా పూసుకున్న ముసలి పిల్లి అది.

పొద్దున్నే దాన్ని ఒళ్లో వేసుకుని దువ్వేది. దువ్వెనకొచ్చిన బొచ్చు పారేయడానికి మనసొప్పేది కాదు. ఒకరోజు, బడిలో నేర్చిన తకిలిని అటక మీద నుంచి దించింది. పిల్లిబొచ్చు పొట్టిది, పైగా జారుడు. పురి ఎక్కనంటే ఎక్కనంది. చివరికి దూది కలిపి వడికితే మూరెడు దారం దిగింది. అబ్బ, ఎంత మెత్తన! ఆ దారాన్నే మచ్చుగా పెట్టుకుని, నూలును చిలపలుగా, అంటే కట్టలుగా చుట్టి, వాటికి అక్కడక్కడా గుడ్డపేలికలు బిగించి, బెల్లం రంగులో ఒకసారి, నల్లరంగులో ఒకసారి ముంచింది. ఆరేసరికి అచ్చం మిరియమే.

"మామా, దీన్ని మగ్గమెక్కించు. పిల్లి రంగని పేరు పెడదాం," అంది మొగుడితో.

కుప్పుస్వామి నెత్తి కొట్టుకున్నాడు. "పిల్లి ఎదురొస్తేనే వెనక్కొచ్చి నీళ్లు తాగి పొయ్యే జనం మే! పిల్లి చీర కడతారా?"

నేయడమైతే నేశాడు. తిరుపతి వ్యాపారి గిరిప్రసాద్ దగ్గర మాత్రం "పులి రంగు సామీ" అని కోతలు కోశాడు. చీరలు ఇట్టే అమ్ముడుపోయాయి. సంగతి తెలిసి కోమలి భగ్గుమంది.

"నా మిరియం ఎవురి కోడిపిల్లనైనా ముట్టినాదా? దాన్ని పట్టుకొని పులంటావా! దాని పేరు సెప్పేదాకా ఒక్క చిలప ముంచను పో!" అంటూ రంగుతొట్టి బోర్లించింది.

చీరలు ఆగిపోయేసరికి గిరిప్రసాద్ తానే నగరికి వచ్చాడు. పెరట్లో కుక్కిమంచం మీద మిగిలిన చిలపలు చూసి ఆయన ముఖం వెలిగింది. ఒకటి ఎత్తి చూద్దామని చెయ్యి వేశాడు. ఆ చిలప మ్యావ్ మంది! ఆయన గెంతిన గెంతుకు కాలి చెప్పు గోడ దాటింది.

"ఏమప్పా కుప్పుస్వామీ, ఇదేనా మీ పులి?"

పిల్లి అంటే బేరం పోతుందేమో. కుప్పుస్వామి కోమలి వైపు చూశాడు. ఆమె మిరియాన్ని చంకనెత్తుకుని, అతని మాట కోసమే నిలబడి ఉంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అది చూసి అతని మనసు చివుక్కుమంది.

"పిల్లే సామీ. మా మిరియం. ఆ రంగు దానిదే. నేనే అబద్ధం సెప్పినాను."

గిరిప్రసాద్ కాసేపు పిల్లిని, కాసేపు చిలపల్ని చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మా ఇంటామె ఈ చీర కట్టుకొని అద్దం ముందర నిలబడి, ఇది పులి మాదిరి యాడుండాది, మన దొడ్లో పిల్లి మాదిరుండాది అనింది. నేను పొట్లాడినాను గూడా! ఇప్పుడు ఏ మొగం పెట్టుకొని పొయ్యేదప్పా? నెయ్యండి. పిల్లి రంగనే అమ్మతా."

ఆ తర్వాత నేసిన మొదటి చీర కొంగు కుచ్చుల్లో, కోమలి తన మూరెడు పిల్లిదారాన్ని కలిపి ముడివేసింది.

"ఉండేది అదొక్కటే గదా మే!" అన్నాడు కుప్పుస్వామి.

"పోనీలే మామా. పేరొచ్చిన చీర గదా, ఆ మాత్రం ఉండల్ల," అని కోమలి అతని చొక్కా వైపు చూసి పకపకా నవ్వింది. "బొచ్చుకేం కరువు? నీ ఈపు నిండా ఉండాది సూడు!"