నూకాలమ్మ చెయ్యి

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రోజులు గడిస్తే బరువు తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు. నా పేరు మీకు అక్కర్లేదు. మన జిల్లాల నుంచి కూలీలను ఓడ మీద బర్మాకు, రంగం పట్నానికి తెచ్చి పని చేయించే మేస్త్రీని, అంతవరకు తెలిస్తే చాలు.

రంగం దాటాక ట్వంటే ఊరి దారిలో ఒక దొర మెరక భూమి తీసుకుని చక్కెర దుంప వేయించాడు. వాళ్ళ దేశాల్లో చెరకు పండదట, ఆ దుంప నుంచే పంచదార తీస్తారట. వానలు వెనకపట్టాక విత్తాం. ఒక్కో విత్తనం నుంచి మూడేసి, నాలుగేసి మొలకలు గుత్తిగా లేచాయి. ఒక్కటి ఉంచి మిగతావి పీకి పారేయమని చెప్పి దొర పట్నం వెళ్ళిపోయాడు.

పారేయడమా? మావైపు వరి నారు ఒక్క కట్ట మిగిలినా పక్క చేనువాడికి ఇచ్చి నాటిస్తాం గాని గట్టు మీద ఎండనివ్వం. పచ్చటి మొక్కను విసిరేయడానికి నాకు చేతులు రాలేదు. పైగా సగం చేను మొలక రాక బోసిగా ఉంది. అక్కడ నాటిస్తే దొర వచ్చి మెచ్చుకుంటాడని ఆశపడ్డాను. నిజం చెప్పాలంటే మొక్క మీద జాలి కొంచెమే, మెప్పు మీద యావే ఎక్కువ.

నూకాలమ్మ ఒక్కతే అడ్డుపడింది. మా పక్క ఊరి మనిషి. చెయ్యి మంచిదని ఊడ్పుల్లో మొదటి పిడికెడు నారు ఎప్పుడూ ఆమె చేతే పెట్టించేవాళ్ళు.

"ఒద్దు బాబూ. ముల్లంగి పీకి నాటితే ఏటవుతాది? ఏరు సీలిపోయి దుంప ఊరదు. ఇదీ ఆ జాతే."

"నాకు సేద్యం నేర్పుతావేటి? నాటమంటే నాటు."

మిగతావాళ్ళు దూరంగా ఉన్నారు, మా మాటలు వినలేదు. ఆమె నాటడం చూసి అందరూ నాటారు.

ఎండలు ముదరకముందే తవ్వకం మొదలుపెట్టాం. మొలిచినచోట ఉన్నవి చేతికి నిండుగా వచ్చాయి. నాటినవాటికి వేళ్ళే తప్ప దుంప లేదు. రెండుగా, మూడుగా చీలి మట్టిని కరుచుకున్నాయి. దొర ఒకటి పైకెత్తి, ఎవరి పని ఇది అన్నాడు. ఆలోచించుకునే వ్యవధి లేకపోలేదు, ఉంది. అదీ ఒప్పుకుంటున్నాను.

నేను లేనప్పుడు నూకాలమ్మ నాటేసింది దొరగారూ, అన్నాను.

ఆకులు కోస్తున్న కొడవలి కింద పెట్టి ఆమె నావైపు చూసింది. కాదని ఎందుకు అనలేదు? ఎలా అంటుంది? ఆమెను ఓడ ఎక్కించింది నేను, పని చూపించేది నేను. మేస్త్రీకి ఎదురు చెప్పిన మనిషిని మరో మేస్త్రీ తీసుకోడు. ఆ పూటే పనిలోంచి పంపేశారు.

అక్కడితో ఆగినా బాగుండేది. నూకాలు చెయ్యి పడితే వేరు చీలుతుందన్న మాట పుట్టి, మనవాళ్ళు ఉన్నచోటల్లా పాకింది. తర్వాతి వానల్లో ట్వంటే ఊడ్పులకు ఆమెను ఎవరూ పిలవలేదు. ఇప్పుడు రంగంలోనే, అహ్లోన్ పేటలో ఒక బియ్యం మిల్లులో తవుడు ఊడుస్తోంది. ఒకసారి ఎదురుపడితే "బాగున్నారా బాబూ" అంది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు.

ఈ ఏడు ఊడ్పులకు ముందు మొదటి పిడికెడు ఎవరిచేత పెట్టించమంటారని ఆడవాళ్ళు అడిగారు. నూకాలమ్మను పిలవండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది అంటే మిగతాదీ చెప్పాలి. ఇంకొకామె పేరు చెప్పాను.

మీకు చెప్పడం తేలిక. మీరు ఆమెను ఎరగరు, నన్నూ ఎరగరు. ఇందులో మగతనం ఏముంది? ఏమీ లేదు. అయినా ఒక్కసారి నా నోటితో ఉన్నదున్నట్టు అననివ్వండి. నాటొద్దన్నది నూకాలమ్మ. నాటించింది నేను.