మార్జిన్‌లో పెన్నుతో

మా బడిలో నాలుగో తరగతి టీచరుకి పిల్లలు పెట్టిన పేరు సుమారు టీచరు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, పైగా ఇష్టం కూడా. కుళాయి దాకా ఎన్ని అడుగులు, బకెట్టు నిండాలంటే ఎన్ని గ్లాసులు, ఏ లెక్కైనా ముందు "సుమారుగా ఎంతరా?" అంటుంది. ఆ అంచనాని నోటుబుక్కు మార్జిన్‌లో పెన్నుతో రాయాలి. తర్వాతే పెన్సిలుతో లెక్క చెయ్యాలి. పెన్నుతో రాసింది చెరపకూడదు. ఎవరి అంచనా అయినా జవాబుతో అచ్చంగా సరిపోయిందో, వాడి పని అయిపోయినట్టే. "ముందు లెక్క చేసేసి తర్వాత రాశావు కదూ?" అని నిలదీస్తుంది.

ఆ పద్ధతి నచ్చి నేనూ మా రెండో తరగతిలో మొదలుపెట్టాను.

తనిఖీ ఉందనగానే హెడ్మాస్టరు పెన్నురాతల్ని కప్పేసే తెల్లరంగు సీసాలు తెచ్చి మా ముందు పెట్టాడు.

"మార్జిన్లలో ఆ తప్పుల తడకలేంటి? రేపటికల్లా చెరిపెయ్యాలి. లేదంటే నాలుగో తరగతి నేనే చూసుకుంటా, మీరు స్టోరు రూములో పుస్తకాలు సర్దుకోండి" అన్నాడు సుమారు టీచరుతో.

పంతొమ్మిదేళ్లుగా ఆ తరగతే ఆవిడ లోకం. అయినా ససేమిరా అంది. నేను మాత్రం సీసా తీసుకున్నాను. ఆ సాయంత్రం ముప్పై రెండు పుస్తకాలకి తెల్లరంగు పూశాను. తల్చుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

మర్నాడు తనిఖీ అధికారి నాలుగో తరగతిలో ఒక పుస్తకం తెరిచి మొహం చిట్లించాడు.

"ఇన్ని తప్పులుంటే ఒక్కటీ కొట్టెయ్యలేదేం?"

"అవి తప్పులు కావు సార్, అంచనాలు."

"అంచనాలకి పరీక్షలో మార్కులేస్తారా?" అని, తను తెచ్చిన ప్రశ్నపత్రం తీసి చదివాడు. "ఒక్కో పెట్టెలో అరవై మూడు పెన్సిళ్లు. ఇరవై తొమ్మిది పెట్టెలు. మొత్తం ఎన్ని?"

రెండో వరసలోని రెండు జడల పిల్ల మార్జిన్‌లో 1800 అని గీకింది. తర్వాత లెక్క చేసి లేచింది. "పద్దెనిమిది వందల ఇరవై ఏడు సార్."

ఆయన చేతిలోని జవాబుల కాగితం చూశాడు. "తప్పు. రెండు వేల నూట ఎనభై ఏడు."

"అంత రాదు సార్. ముప్పై పెట్టెలున్నా పద్దెనిమిది వందల తొంభయ్యే కదా!"

ఆయన ఆ కాగితం ఇంకోసారి చూసి మడిచేశాడు. అచ్చుతప్పని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేదు. "పిల్లలకి ఎదురు మాట్లాడటం నేర్పుతున్నారా?" అన్నాడు.

"లెక్కలు నేర్పుతున్నాను సార్" అంది సుమారు టీచరు.

సాయంత్రానికి స్టోరు రూము ఆర్డరు వచ్చింది. తిరిగి చెప్పేవరకు అక్కడే ఉండాలట. ఆవిడ సంతకం పెట్టి, ఆ కాగితం మార్జిన్‌లో పెన్నుతో "సుమారు పదిహేను రోజులు" అని రాసింది. హెడ్మాస్టరు తెల్లరంగు సీసా ముందుకి తోశాడు. ఆవిడ దాని వంక చూడనైనా చూడలేదు.

మర్నాడు హెడ్మాస్టరే నాలుగో తరగతికి వెళ్లి లెక్క ఇచ్చాడు. నలభై మందీ ముందు పెన్నులు తీశారు. చెరపమంటే రెండు జడల పిల్ల "చెరపకూడదు సార్" అంది. రోజూ అదే తంతు. మూడో రోజు నాకు సిగ్గు ముంచుకొచ్చింది. మా పిల్లలకి పెన్నులిచ్చి, నేను పూసిన తెల్లరంగు మీదే అంచనాలు మళ్లీ రాయించాను. ఆయన వచ్చి కళ్లెర్రజేశాడు. "నన్ను కూడా స్టోరు రూముకి పంపండి, ఇద్దరం సర్దుకుంటాం" అన్నాను. ఆ వారంలోనే ఐదో తరగతి టీచరూ మాతో కలిసింది.

పదకొండో రోజు ఆయనే స్టోరు రూము గుమ్మంలోకి వచ్చాడు.

"రేపట్నుంచి మీ క్లాసు మీరే తీసుకోండి" అన్నాడు. ఊరుకోలేక, "పదిహేనన్నారు, పదకొండే అయింది. మీ అంచనా తప్పింది" అని కూడా అన్నాడు.

"తప్పనివ్వండి. చెరపను" అంటూ సుమారు టీచరు చీరకంటిన దుమ్ము దులుపుకుంది. రేపటిదాకా కూడా ఆగలేదు, నేరుగా నాలుగో తరగతి వైపు నడిచింది.